డిస్‌ప్లే ఆపిన పూట

ఆ శుక్రవారం పొద్దున ఎడ్విన్ పెట్టుకున్న పని ఒక్కటే. నంద్యాలలో ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే అతను, ముందురోజే కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించాడు. దాన్ని నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కిస్తే, అమ్మానాన్నల నలభయ్యేళ్ల పెళ్లిరోజు వీడియో పూర్తవుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో చూపించాలి. చిక్కేమిటంటే, ఆ పండుగ చేసుకోవాల్సిన ఇద్దరిలో ఒకరు ఇంట్లో లేరు.

వారం కిందట పెళ్లిరోజు మాట ఎత్తగానే తండ్రి సంజీవయ్య, "ఏముందని పండగ?" అన్నాడు. అంతే, తల్లి శాంతమ్మ సంచి సర్దుకుని ఆళ్లగడ్డలో కూతురు ఫెబా ఇంటికి వెళ్లిపోయింది. భర్త ఫోన్ చేస్తే ఎత్తదు. ఆయన మాత్రం టీ నెపంతో ఎడ్విన్ గదిలోకి మాటిమాటికీ వచ్చి, తెర మీదున్న శాంతమ్మ పెళ్లినాటి ఫొటో చూసి పోతుంటాడు.

ఎడ్విన్ వాడేది లైనక్స్. అందులో డ్రైవర్ ఎక్కించాలంటే ముందు తెర మీది బొమ్మల వ్యవహారమంతా ఆపేయాలి. ఉత్త అక్షరాలే మిగలాలి. ఫోన్‌లో పద్ధతి చూసుకుంటూ ఆ ఆజ్ఞ టైపు చేశాడు. శాంతమ్మ ఫొటో మాయమై, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే సంజీవయ్య టీ గ్లాసుతో లోపలికొచ్చాడు.

"ఏందిరా ఇది? మీయమ్మ యాడబోయింది?"

"డిస్‌ప్లే ఆపినా నాయనా. మళ్లా వస్తాదిలే."

"వారం నుంచి అదే మాట చెప్తాండావ్" అని గొణుక్కుంటూ ఆయన వరండాలోకి పోయి కూతురికి ఫోన్ కలిపాడు. బడిపంతులుగా రిటైరైనా, ఫోన్‌లో ఇప్పటికీ చివరి బెంచీకి వినపడేలానే మాట్లాడతాడు.

"అంతా నల్లగా అయిపోయిందమ్మా ఫెబా! తెల్లగా చీమల మాదిరి ఏందో పాకుతాండాయ్. మీయమ్మ మొగం చూద్దామంటే కనపడ్డంల్యా... ఆఁ, ఇప్పుడే, ఉన్నట్టుండి."

అటునుంచి ఒక కేక వినిపించి ఫోన్ తెగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని, ఆయన తువ్వాలు ముఖాన కప్పుకుని పడక్కుర్చీలో వాలాడు.

లోపల డ్రైవర్ మొరాయించింది. బొమ్మల వ్యవహారం లోలోపల ఇంకా నడుస్తూనే ఉంది, సరిగ్గా ఆపి రమ్మంటోంది. ఎడ్విన్ రెండోసారి ఆపుతుండగా తల్లి ఫోన్ చేసింది. తెర మీంచి కళ్లు తిప్పకుండానే ఎత్తాడు.

"ఎడ్వినూ, ఏమన్నా కనపడతాండాదా?"

నాన్న చెప్పింది కంప్యూటర్ సంగతే గనక, అమ్మ అడిగేదీ అదేననుకున్నాడు.

"ఇంకా ల్యామ్మా. నల్లగానే ఉండాది. నేనే ఆపినాలే."

"నువ్వే ఆపినావా?"

"ఆపకపోతే కొత్తది పనిచెయ్యదు. నిన్ననే పాతది పీకేసి కొత్తది పెట్టినా."

"పీకినావా? దేంతోరా?"

"స్క్రూడ్రైవర్‌తో."

"దేవా! డాక్టరుకు చూపియ్యలేదా?"

కంప్యూటర్ బాగుచేసేవాణ్ని కూడా అమ్మ డాక్టరనే అంటుంది. "డాక్టరెందుకు? నెట్‌లో చూసి నేనే చేస్తాండా. కుదరకపోతే అంతా తుడిచేసి మొదట్నుంచి చేస్తా" అని ఎడ్విన్ ధైర్యం చెప్పాడు.

మరో గంటకు, ఇంటి ముందుకు కారు వచ్చిన చప్పుడయ్యే సరికి డ్రైవర్ సగం ఎక్కింది. కిటికీలోంచి చూస్తే, అల్లుడు దావీదు బ్రేకు వేయకముందే తలుపు తీసుకుని అమ్మ దిగుతోంది. పరుగున వచ్చి నాన్న చేతులు రెండూ పట్టుకుంది.

"నేనొచ్చినా. ఇంగ యాడికీ పోను. కండ్లు పోతే పోయినాయి, ఇద్దరికీ నా కండ్లే చాల్తాయి."

ఎడ్విన్‌కు అప్పుడు గాని జరిగిందేమిటో తలకెక్కలేదు. కిటికీలోంచే చెబుదామని నోరు తెరిచాడు. తువ్వాలు అంచు కొంచెం లేచింది. సంజీవయ్య ఒక కన్ను తెరిచి కొడుకును చూసి, వద్దన్నట్టు మళ్లీ మూశాడు.

"శాంతా, ఆ పొద్దు నన్ను చెప్పనిస్తివా?" అన్నాడు తువ్వాలు కిందినుంచి. "ఏముందని పండగ, నలభై ఏండ్లయినట్టే ల్యా నాకు, అనబోయినా. సగం మాటకే సంచి సర్దుకుంటివి."

"ఆ మిగిలిన సగం ఫోన్ చేసి చెప్పగూడదా?"

"ఎత్తితే గదా."

శాంతమ్మ ఏడుస్తూనే నవ్వింది. అంతలో డ్రైవర్ పూర్తిగా ఎక్కి, కంప్యూటర్ మళ్లీ మొదలై, ఫొటో తెర నిండా నిగనిగలాడుతూ ప్రత్యక్షమైంది. ఎడ్విన్ అన్నీ మరిచిపోయి, "వచ్చింది! అంతా కనపడతాండాది!" అని అరిచాడు.

సంజీవయ్య తువ్వాలు తీసి భార్యను తేరిపార చూశాడు. "అవును. ఫొటోలో కంటే బాగా కనపడతాండావ్" అన్నాడు.

"స్తోత్రం ప్రభువా!" అంది శాంతమ్మ.

తర్వాత వంటింట్లో ఎడ్విన్ తల వంచుకుని నిజం చెప్పబోయాడు. శాంతమ్మ ఆకుకూర తుంచుతూ అడ్డుపడింది. "నాకు శిరివెళ్లలోనే తెలిసింది. కండ్లకు స్క్రూడ్రైవర్ ఏందత్తా, అది కంప్యూటర్ గదా అన్నాడు దావీదు."

"మరి అంత ఏడ్చినావేందమ్మా?"

"ఆ మాట మీద బండి మళ్లిస్తాడేమోనని, ఇంకా బేగా తోలమన్నా. నాకు మాత్రం ఇంటికి రావాల్నని ఉండదా? మీ నాయనకు చెప్పొద్దు. కండ్లకు మంచిదని మూడు పూటలా పొన్నగంటాకు పెడతా."

ఆదివారం దాకా సంజీవయ్య మూడు పూటలా పొన్నగంటాకే తిన్నాడు, ఎందుకని ఒక్క పూట కూడా అడగలేదు.