నేమ్‌ప్లేటు ఊడిన గోడ

సోమవారం రిజిస్ట్రేషన్. ఆదివారం పొద్దున ఇల్లు ఆఖరిసారి చూసుకోవాలి. తార్నాకలో అచ్యుతరామయ్యగారి మేడ అది. పదిహేనేళ్లుగా మెట్టుగూడలో ఒక్క గదిలో నన్ను భరిస్తున్న మా పూర్ణిమ, ఆ వంటింటి కిటికీని అప్పటికే కలలో రోజూ తుడుస్తోంది.

నాకేమో ధర ఇంకాస్త దించాలని దురద. అచ్యుతరామయ్యగారు కోస్తా మనిషి. తెలంగాణ ఉద్యమం రాజుకున్నప్పటి నుంచీ కనబడ్డప్పుడల్లా "రోజులు మంచిగ లేవు సార్" అని ఆయన చెవిలో ఊదుతూ వచ్చాను. ఆయన ఇల్లు అమ్మకానికి పెట్టిందే ఆ ఊదుడుకు. ఇక ఆఖరి ఊపు మిగిలింది.

యూనివర్సిటీలో పీజీ చదివే మా మేనల్లుడు రాంచందర్‌ను పట్టుకున్నాను. ఆ ఆదివారం పిల్లలంతా రోడ్డుకడ్డంగా పొయ్యి పెట్టి వంటావార్పు నిరసన చేస్తున్నారు.

"గా అచ్యుతరామయ్య సారు ఇంటి ముంగట పెట్టుండ్రి అల్లుడా, నీడ మంచిగుంటది" అన్నాను.

మేం వెళ్లేసరికి గేటు పక్కన నేమ్‌ప్లేటు ఊడదీసి ఉంది. నాలుగు బొక్కలు నన్నే చూస్తున్నాయి. కాగితం తీసి రాసుకున్నాను: లోపం ఒకటి, బొక్కలు నాలుగు.

"బొక్కలకు పైసలు తగ్గిస్తరా ఎవరన్న?" అంది పూర్ణిమ.

"కొనేటోడు గోడను రోగి లెక్క చూడాలె."

"ముందుగాల నిన్ను చూపియ్యాలె డాక్టర్‌కు."

లోపల సామానంతా మూటలు కట్టి ఉంది. ఆయన భార్య కమలాదేవిగారు ఉత్త గచ్చు మీద కూర్చుని ఉంది. నేను నల్లాలు తిప్పాను, తలుపులు ఊపాను, పరామర్శకు వచ్చిన చుట్టంలా మొహం పెట్టాను.

"బయట చూస్తున్నరు గద సార్. ఇంకొంచెం తగ్గిస్తే..."

బయట నినాదాలు. ఆయన తాళాలగుత్తి చేతబట్టుకుని కిటికీ రెక్కలు మూశారు.

అంతలో ఢామ్మని చప్పుడు. పొగ. టియర్ గ్యాస్‌కు కళ్లలో కారం కొట్టినట్టయింది. రోడ్డు మీద అన్నం గుండిగ దొర్లిపోయింది. పోలీసులు లాఠీలతో వెంటపడితే పిల్లలు గేటు దూకి వరండాలో పడ్డారు.

నేను బాత్రూంలో దూరి గొళ్లెం పెట్టుకున్నాను. గొళ్లెం గట్టిదే. ఆ ఇంట్లో నేను నిజంగా తనిఖీ చేసింది అదొక్కటే.

బయటికొచ్చేసరికి కమలాదేవిగారు మూట విప్పి, చీర చింపి, రాంచందర్ తలకు కడుతోంది. గుడ్డంతా ఎర్రగా తడిసిపోయింది.

"ఈ వీధిలోకి ఎందుకొచ్చారు బాబూ?"

"గీ మామనే చెప్పిండమ్మా. గీ ఇంటి ముంగటనే పెట్టమన్నడు."

పూర్ణిమ కళ్లు కారుతున్నాయి. పొగవల్లే అనుకుందామని చాలా ప్రయత్నించాను.

అచ్యుతరామయ్యగారు తాళాలు జేబులో వేసుకున్నారు. "ముప్పై ఏళ్లలో ఈ పిల్లలెవరూ మమ్మల్ని పొమ్మనలేదండీ. భయపెట్టింది మీరొక్కరే. ఇల్లు అమ్మట్లేదు. మీరిచ్చిన బయానా డబ్బు పట్టుకెళ్లండి."

పూర్ణిమ వంటింటి కిటికీ వైపు ఓసారి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అమ్మా, మీద పోర్షన్ కిరాయికిస్తరా?"

"నీకైతే ఇస్తానమ్మా. ఆయన్ని కూడా తెచ్చుకుంటావా?"

"తప్పుతదా? బాత్రూం గొళ్లెం మాత్రం పీకేయించుండ్రి."

పై నెల మేం మేడ మీదకి మారాక నేమ్‌ప్లేటు మళ్లీ పెట్టారు. స్టూలెక్కి బిగించింది నేనే. నాలుగు బొక్కలూ అచ్చంగా సరిపోయాయి. కింద, తలకు ఎనిమిది కుట్ల మచ్చతో, స్టూలు పట్టుకున్నది రాంచందర్.

"గట్టిగ పట్టుకో అల్లుడా" అన్నాను.

వాడు స్టూలును ఒకసారి ఊపి, మళ్లీ పట్టుకున్నాడు.