మా ఆయనొచ్చి తీసుకెళ్తాడు

ఒక పెద్ద అడవిలో ఒక మడుగు ఉండేది. పక్షులు వచ్చి వాలేవి, చేపలు తినేవి, ఎగిరిపోయేవి. ఇంత పని ఏ అజమాయిషీ లేకుండా జరిగిపోతోందని తెలిసి అడవి సభకు చాలా బాధ కలిగింది. వెంటనే గట్టు మీద ఒక బల్ల, ఒక కుర్చీ వేయించి ఆ మడుగుకు విమానాశ్రయం అని పేరు పెట్టారు. రెక్కలున్నవాటికి విమానాశ్రయం ఎందుకని మీరడగవచ్చు. ఎగరడానికి కాదు లెండి, ఆగడానికి.

మొదటి మేనేజరు మొసలి. టిక్కెట్లు చూసే వంకతో ప్రయాణికులను మింగుతోందని ఫిర్యాదులు వచ్చాయి. సభ ఛైర్మన్ ఏనుగు ఐరావతయ్య గారు విచారణ జరిపారు. మొసలి మింగినవాళ్ళెవరూ వచ్చి సాక్ష్యం చెప్పలేదు. అయినా ఆయన మెత్తబడక దాన్ని ఉద్యోగంలోంచి తీసి నీళ్ళలోకి పంపేశారు.

ఆ కుర్చీలోకి నక్క జంబునాథం వచ్చాడు. ప్రయాణికులవి ఏవీ తిననని అందరి ముందూ ప్రమాణం చేశాడు. దాంతోపాటే ఒక రూలు కూడా పెట్టించుకున్నాడు. ఎవరైనా అప్పగించి వెళ్ళిన వస్తువును పున్నమిలోగా ఎవరూ తీసుకెళ్ళకపోతే అది ఆఫీసుకు చెందుతుంది. ఆఫీసు అంటే తానేనని జంబునాథం అభిప్రాయం.

ఒకరోజు వరహాలు అనే గూడబాతు తొలి కాన్పుకని పుట్టింటికి వెళ్తూ ఆ మడుగులో దిగింది. మొగుడు గవరయ్య వెనక గుంపులో వస్తున్నాడు. పుట్టిల్లు ఇంకా దూరంలోనే ఉంది గాని గుడ్డు ఆగలేదు. బల్ల పక్కనే పెట్టేసింది. దాన్ని గొంతు కింది సంచిలో జాగ్రత్తగా వేసుకుని ఎగరబోతుంటే, సోదా చేసే ముంగిస సింహాచలం అడ్డం వచ్చాడు.

"సంచిలో ఏమిటది?"

"గుడ్డు తమ్ముడూ."

సింహాచలం దాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "పైకి గట్టిగా ఉన్నా లోపలంతా ద్రవం. ద్రవాలు పైకి తీసుకెళ్ళకూడదు."

"అయితే నాను ఎల్లను. ఇక్కడే కూసుని పొదుక్కుంటాను."

"అలా కుదరదమ్మా," అన్నాడు జంబునాథం కుర్చీలోంచే. "మీ రెక్క మీద ముద్ర పడింది. ముద్ర పడ్డాక ఎగిరి తీరాలి."

"గుడ్డు ఒగ్గేసి ఎలా ఎల్తాను బాబూ?"

"దానికి మా దగ్గర సౌకర్యం ఉంది. మాకు అప్పగించి వెళ్ళండి. మీవాళ్ళెవరో వచ్చి తీసుకుంటారు," అన్నాడు జంబునాథం ఎంతో మర్యాదగా.

వరహాలు ఏడ్చింది. ఏడ్చినంతసేపు ఏడ్చి, "మా ఆయనొచ్చి తీసుకెళ్తాడు. గవరయ్య అని, ఎడం రెక్కలో ఒక ఈక వంకరగా ఉంటాది. అంతదాకా చల్లారనీకండి," అని చెప్పి, వెనక్కి చూసుకుంటూ ఎగిరిపోయింది.

ఆవిడ కనుమరుగయ్యాక సింహాచలం మూతి నాక్కున్నాడు. "సార్, ఎవరూ చూడ్డం లేదు."

"ఛీ. మొసలి చేసిన తప్పు నేను చేయను. పున్నమి దాకా ఆగి రూలు ప్రకారం తింటాను," అన్నాడు జంబునాథం. రూలు ప్రకారం తిన్నదే ఒంటబడుతుందని అతని నమ్మకం.

కానీ సింహాచలం చూపు గుడ్డును వదల్లేదు. బల్ల మీద ఉంచితే తెల్లారేసరికి పెంకు మాత్రమే మిగిలేలా ఉంది. జంబునాథం గుడ్డును కుర్చీలో పెట్టి, దాని మీద తను కూర్చున్నాడు. ఏమిటిదని అడిగినవాళ్ళకు భద్రత అని చెప్పాడు.

దారిలోనే కబురందుకుని సాయంత్రానికి గవరయ్య దిగాడు.

"మా ఇంటిది ఇక్కడ గుడ్డు ఎట్టి ఎల్లిందంట బాబూ. తీసుకుందామని వచ్చేను."

"మీరే గవరయ్య అని రుజువేమిటి?"

గవరయ్య రెక్క చాపి వంకర ఈక చూపించాడు.

"ఈక ఎవరైనా వంచుకోవచ్చు," అన్నాడు జంబునాథం. "పెట్టినావిడనే వచ్చి, మీరు మీరేనని చెప్పమనండి."

"ఆవిడే వస్తే ఇంక నానెందుకు బాబూ?"

"అది మీ ఇంటి విషయం. అందులో ఆఫీసు తలదూర్చదు."

గవరయ్య మర్నాడు మళ్ళీ వచ్చాడు. జంబునాథం కాస్త దిగివచ్చినట్టు, "సరే, వస్తువు ఎలా ఉంటుందో చెప్పండి," అన్నాడు.

"తెల్లగా, గుండ్రంగా ఉంటాది."

"లోపలేముంది?"

"నా బిడ్డ."

"చూశారా. ఆవిడ మాకిచ్చింది గుడ్డు. మీరడుగుతున్నది బిడ్డను. దానికి వేరే కౌంటరుకు వెళ్ళాలి."

వేరే కౌంటరు లేదు. గవరయ్య లాక్కుందామంటే గుడ్డు నక్క కింద ఉంది. పెనుగులాటలో పగిలితే తన బిడ్డను తానే చంపుకున్నట్టవుతుంది. అందుకని ఎదురుగా తుంగలో కూర్చుని, కుర్చీకేసే చూస్తూ ఉండిపోయాడు. చల్లగాలి వీచినప్పుడల్లా అతని ప్రాణాలు విలవిల్లాడేవి.

"బాబూ, ఒక్క పక్కనే ఉంచీకండి," అని తుంగలోంచి అరిచేవాడు. "అటూ ఇటూ తిప్పుతుండాల. లేపోతే మురిగిపోద్ది."

మురిగిన గుడ్డు ఎవరికి కావాలి? జంబునాథం లేచి తిప్పేవాడు.

"వానొచ్చేలాగుంది బాబూ, తోక కప్పండి."

జంబునాథం తోక కప్పేవాడు. లేస్తే సింహాచలం కాచుకుని ఉన్నాడు కనక భోజనానికి లేవడం కూడా మానేశాడు. చిక్కి సగమయ్యాడు. కుర్చీని ఇంతగా అంటిపెట్టుకుని పనిచేసే అధికారిని ఎన్నడూ చూడలేదని ఐరావతయ్య గారు అతనికి సన్మానం చేసి శాలువా కప్పారు. ఆ శాలువా గుడ్డుకు బాగా పనికొచ్చింది.

పున్నమి రోజు పొద్దున్నే ఐరావతయ్య గారు వచ్చారు. జంబునాథం గుడ్డును బల్ల మీద పెట్టి, పక్కన చిటికెడు ఉప్పు కూడా సిద్ధం చేసుకున్నాడు.

"ఈ వస్తువు తమదని చెప్పేవారెవరైనా ఉన్నారా?" అని ఛైర్మన్ గారు అడిగారు.

"నాదే బాబూ," అన్నాడు గవరయ్య.

"మీరు కాక ఇంకెవరైనా?"

ఇంకెవరూ లేరు.

"అయితే ఇది ఆఫీసు ఆస్తి," అని ప్రకటించి, ఐరావతయ్య గారు తొండంతో ముద్ర ఎత్తి గుడ్డు మీద ఒక్కటి వేశారు. ఆ దెబ్బకు పెంకు పగిలింది. లోపల్నించి ఒక పిల్ల బయటికొచ్చి, ఎదురుగా ఉన్న జంబునాథాన్ని చూసి నోరు తెరిచింది. నోట్లో ఏమీ పడకపోయేసరికి అతని చెవి పట్టుకుని లాగింది.

"అయ్యా, ఇది మేం దాచిన వస్తువు కాదు," అన్నాడు జంబునాథం చెవి విడిపించుకుంటూ. "దీన్ని వాళ్ళ నాన్నకిచ్చేయండి."

గవరయ్య రెక్కలు చాపుకుని పరుగెత్తుకొచ్చాడు. ఐరావతయ్య గారు తొండం అడ్డం పెట్టారు.

"ముద్ర పడ్డాక బయటివాళ్ళకు ఎలా ఇస్తాం? ఆఫీసు ఆస్తి మేనేజరు దగ్గరే ఉండాలి. రోజూ వచ్చి చూస్తాను. దానికేమైనా అయితే మీరూ ఆ మొసలి పక్కకే వెళ్తారు."

ఆ రోజునుంచి జంబునాథానికి చేపలు పట్టడమే ఉద్యోగమైంది. అతనికి ఈత రాదు. పిల్లకు ఆకలి తీరదు. నీళ్ళలో కాలు పెడితే మొసలి పాత పరిచయం కొద్దీ పలకరించేది. తుంగలోంచి గవరయ్య రోజూ బతిమాలేవాడు, "నాను పడతాను బాబూ చేపలు, ఒక్కసారి ఎత్తుకోనీండి." బయటివాళ్ళు ఆఫీసు ఆస్తిని తాకకూడదు.

చివరికి జంబునాథం ఐరావతయ్య గారి కాళ్ళ మీద పడ్డాడు. "పిల్ల మేనేజరు దగ్గరే ఉండాలన్నారు కదా. ఇతన్నే మేనేజర్ని చేసేయండి, నేను పోతాను."

అలా చేయకూడదని ఏ రూలూ లేదు. గవరయ్య కుర్చీలో కూర్చున్నాడు. పిల్లను గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

సింహాచలం వచ్చి సలాం కొట్టి, "సార్" అన్నాడు. గవరయ్యను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అలా పిలవలేదు. మర్నాడు ఒక కొంగ వచ్చి ఏదో అడిగితే, తలెత్తకుండా "తర్వాత రండి" అన్నాడు. అలా అనడం హాయిగా ఉంది. ఆ తర్వాత అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ కూడా అదే చెప్పాడు.

పుట్టింట్లో మనసు నిలవక వరహాలు తిరుగు గుంపులో వచ్చి దిగింది. పరుగు పరుగున బల్ల దగ్గరకొచ్చింది. కుర్చీలో మొగుడు, అతని ఒళ్ళో పిల్ల. చూడగానే ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"ఇలాగియ్యి, ఎత్తుకుంటాను."

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆఫీసు ఆస్తి కావాలంటే ఛైర్మన్ గారికి అర్జీ పెట్టుకోవాలమ్మా."

"అమ్మా ఏటి? నాను వరహాల్ని."

"తెలుసు. అయినా వరసలో నిలబడు. నీ వెనక ఎంతమందో ఉన్నారు."

ఆవిడ వెనక ఎవరూ లేరు. వరహాలు పిల్లను ముక్కుతో అందుకుని సంచిలో వేసుకుని పైకి లేచింది. అడ్డం రాబోయిన సింహాచలం ఆవిడ రెక్క తగిలి మడుగులో పడ్డాడు.

గవరయ్య ఆవిడ వెంట ఎగురుదామని లేచి రెక్కలు విప్పాడు. విప్పి, వెనక్కి తిరిగి కుర్చీ వంక చూశాడు. అది ఖాళీగా ఉంది. తను వెళ్తే అందులో ఎవరు కూర్చుంటారోననిపించింది. రెక్కలు ముడుచుకుని మళ్ళీ కూర్చున్నాడు.

నీతి: మనవాడొచ్చి తీసుకెళ్తాడని వస్తువు వదిలి వెళ్ళేవాళ్ళు, మనవాడికి అక్కడ కుర్చీ దొరక్కుండా చూసుకోవాలి.