వెంకటరాజుకు బోరవుట్ వచ్చింది

ఉద్యోగంలో పని లేకపోవడాన్ని మించిన వరం ఇంకోటి లేదని నా దృఢాభిప్రాయం. అలాంటి వరాన్ని జబ్బు కింద జమకట్టి, 2007లో స్విట్జర్లాండ్ పెద్దమనుషులిద్దరు ‘బోరవుట్’ అని పేరు పెట్టారు! చాకిరీ ఎక్కువై నలిగిపోతే బర్నవుట్, పని లేక నలిగిపోతే బోరవుట్ అట. ఎంత అన్యాయం!

వాళ్లు మా వెంకటరాజును చూడలేదు. కోనసీమవాడు, పంపుల మెకానిక్. మోటారు మోత విని రోగం చెప్పేస్తాడు. కువైట్ వచ్చిన మూడో నెలలోనే కంపెనీకి కాంట్రాక్టు పోయింది. అతన్ని సులైబియాలో ఖాళీ గోడౌన్‌కు కాపలా పెట్టారు. ఏసీ, కుర్చీ, ఎనిమిది గంటల విశ్రాంతి! ఇంకేం కావాలి?

కృతఘ్నుడు సంతోషించలేదు! తుడిచిన నేలే రోజుకు నాలుగుసార్లు తుడిచాడు. రెండేళ్లయ్యేసరికి, స్పానర్ పట్టుకుంటే వేళ్లు తడబడుతున్నాయని గదిలో నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఓదార్చడానికి ఆ ఇంగ్లీషు మాట నేనే చెప్పాను. తన బాధకు ఒక పేరుందని తెలిసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడే సూపర్‌వైజర్ అబ్దుల్ సలాం దగ్గరికి వెళ్లాడు. ఆయనది రాయచోటి.

“సార్, నాకు బోరవుటొచ్చేసిందండి!”

“బోరు అవుటయిన సంగతి నీకెవురు జెప్పినారు? కబ్ద్ తోటలో నీళ్లు రాక పొద్దున్నుంచి కఫీల్ నా పానం తీస్తాండాడు. నీకు మోటారు పని వచ్చు కదా? యల్లా, బండెక్కు!”

ఎడారిలో తోట. కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న కంపెనీ యజమానిది. వెంకటరాజు మోటారు పైకి తీయించి, ఇసుక పట్టిన భాగాలన్నీ విప్పి బిగించాడు. వేళ్లు ఒక్కసారీ తడబడలేదు. సాయంత్రానికి నీళ్లు దూకాయి. ఆ ధార కింద తల పెట్టి, నిలువునా తడిసి, పగలబడి నవ్వాడు.

కఫీల్ మురిసిపోయి ఏం కావాలో అడగమన్నాడు.

“వేరే కంపెనీకి మారడానికి రిలీజ్ ఇప్పించమనండి సార్. అల్ రాయ్‌లో వర్క్‌షాపోళ్లు తీసుకుంటామన్నారండి.”

అబ్దుల్ సలాం ఆ మాట అరబీలో చెప్పి, జవాబు విని, తల దించుకున్నాడు. “ఖలాస్, మర్చిపో అబ్బీ. ఇంత మంచి మెకానిక్‌ని ఎట్ల ఇడుస్తాం అంటాండాడు. మళ్లా బోరు చెడితే ఎట్ల అంట.”

చూశారా! పనితనం చూపించినందుకు మా వాడి ఖాళీ కొలువు ఖాయమైపోయింది. బహుమానంగా గోడౌన్‌లో గిర్రున తిరిగే కొత్త కుర్చీ వేశారు. రోజంతా ఎటు కావాలంటే అటు తిరగొచ్చు!

వచ్చిన రోజే తీసేసుకున్న అతని పాస్‌పోర్టు మాత్రం కంపెనీ బీరువాలో ఉంది. దానికీ ఏ పనీ లేదు.