పాత సీసా ముందు

ఆదివారం ఉదయం ఏడున్నరకు రంగులాయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భార్య పక్క ఊరినుంచి వచ్చే తన అక్కను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి తొమ్మిదవుతుంది. ఫ్రిజ్‌లో పులిసిన పిండి ఉంది. దానితో పాన్‌కేక్‌లు వేసి వేడివేడిగా బల్లమీద పెడితే వదినగారి దగ్గర మంచిపేరు, భార్య దగ్గర కనీసం వారంపాటు ప్రశాంతత. పెట్టుబడి చూస్తే, ఎలాగూ చెత్తబుట్టలోకి పోయే పిండి. ఇలాంటి బేరం ఇరవై ఆరేళ్ళ వ్యాపారంలో ఆయనకు ఒక్కసారి కూడా తగల్లేదు.

వీధి మొదట్లో ఆయనకు రంగుల కొట్టు ఉంది. అందుకే అందరూ రంగులాయన అనేవారు. కొట్టులో అడుగంటిన రంగును కూడా గరిటెతో గీకి నమూనా చెక్కలకు పూసేవాడు తప్ప పారబోసేవాడు కాదు. అలాంటి మనిషికి ఇంట్లో రోజూ ఒక నష్టం కళ్ళముందే జరుగుతూ ఉండేది. రొట్టె పొంగడానికి ఈస్టుకు బదులు వేసే పులిసిన పిండిని ఆయన భార్య సీసాలో పెంచేది. దాన్ని ‘తోడు’ అనేది. రోజూ సగం తీసేసి, మిగిలినదానికి కొత్త పిండీ నీళ్ళూ కలిపితేనే తోడు బతుకుతుందట. ఆ తీసేసిన సగం బుట్టలో పడినప్పుడల్లా ఆయనకు కొట్టులో ఎవరో డబ్బా తన్నేసినట్టు ఉండేది.

ఫ్రిజ్ తెరిచి చూస్తే రెండు సీసాలు కనిపించాయి. చిన్నదాని మీద నిన్నటి తేదీ ఉంది. పెద్దదాని మీద అంటించిన కాగితంలో మార్చి పన్నెండు అని ఉంది. ఇది అక్టోబరు. రెండూ తీసేసిన సగాలే అనుకుని రంగులాయన వేళ్ళు మడిచి లెక్కవేశాడు. ఏడు నెలల సరుకు!

“కొట్టు నేను చూసుకుంటున్నట్టే ఇల్లు కూడా నేనే చూసుకోవాలి,” అనుకున్నాడు.

పాత సరుకు ముందు కదలాలి, కొత్తది తరువాత. ఆయన కొట్టులో ఆ నియమానికి తిరుగులేదు. పాత డబ్బా వెనక ఉండిపోతే గట్టిపడి రాయి అవుతుంది. కాబట్టి పెద్ద సీసాను పూర్తిగా గిన్నెలోకి వంచి, గుడ్లు, పాలు, చక్కెర, చిటికెడు సోడా వేసి గిలక్కొట్టాడు.

మొదటి పాన్‌కేక్ ఒకవైపు నల్లగా మాడింది. దాన్ని పక్కన పెట్టాడు. రెండోది బంగారు రంగులో పొంగింది. నోట్లో వేసుకుంటే కాస్త పులుపు, కాస్త తీపి. ఆయన తన భుజం తానే తట్టుకున్నాడు.

ఆ వాసనకు ఎదురింటి టైలరమ్మ మెడలో టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“అన్నయ్యగారూ, మీ ఇంట్లో మీరే వంట చేస్తున్నారా? వదిన బాగానే ఉందా?”

“బాగానే ఉందమ్మా. ఇదిగో, ఒకటి తిని చెప్పు.”

ఆమె నాలుగు తిని చెప్పింది. బాగున్నాయని. పిల్లలకు మరో ఆరు పట్టుకెళ్ళింది. ఆమె చెప్పగా పై అంతస్తు లెక్కల మాస్టారు ఖాళీ పళ్ళెంతో దిగివచ్చాడు.

“పారేసే పిండితో చేశావటగా! ఇదయ్యా బుర్రంటే.”

పొగడ్తకు రంగులాయన ఎప్పుడూ కొంచెం మెత్తబడేవాడు. గిన్నె ఖాళీ అయిపోయినా మాస్టారిని ఉత్తచేతులతో పంపడం ఇష్టంలేక చిన్న సీసాను కూడా వంచేశాడు. మాస్టారు ఎనిమిది తీసుకుని మెట్లెక్కుతుండగా ఫోను మోగింది.

“ఏవండీ, బస్సు గంట లేటట. ఫ్రిజ్‌లో పెద్ద సీసా ఉంది చూడండి, అది కాస్త బయట పెట్టండి. చల్లదనం పోవాలి.”

“ఏ సీసా?” అన్నాడాయన, అక్కడ ఉన్నవి రెండే అయినా.

“మార్చి పన్నెండు అని రాసి ఉంటుంది. మా అమ్మ మొట్టమొదట ఆ తోడు కలిపిన రోజండీ. ఇరవై రెండేళ్ళయింది.”

“సంవత్సరం వేయలేదేం?”

“పుట్టినరోజు రాస్తే సంవత్సరం ఎందుకు, నాకు తెలుసుగా! అమ్మ పోయాక అక్కా నేనూ చెరిసగం పంచుకున్నాం. అక్క తన బేకరీలో ఓవెన్ మీద సీసా పెట్టి మర్చిపోయిందట. ఉడికిపోయింది. మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. మన దగ్గర ఉన్నదే ఇక మిగిలింది. అందుకే వస్తోంది. పెద్ద సీసాకేమైనా అయినా చిన్నది ఉందనుకోండి, అదీ అమ్మదే. ఏవండీ, వింటున్నారా?”

“వింటున్నా,” అన్నాడు రంగులాయన.

ఫోను పెట్టేసి నిజం చెప్పడానికి పట్టే ధైర్యాన్నీ, అబద్ధం నడపడానికి పట్టే సమయాన్నీ బేరీజు వేసుకున్నాడు. సమయం గంట ఉంది. ధైర్యం అంత లేదు. వీధి చివరి కొట్టుకు పరుగెత్తి మూడు పాకెట్ల ఈస్టు తెచ్చాడు.

రంగు కలపడంలో ఆయనది తిరిగిన చెయ్యి. ఎవరైనా గోడ పెచ్చు తెచ్చి చూపిస్తే అదే ఛాయ తీసేవాడు. ఇప్పుడు మైదా, గోరువెచ్చని నీళ్ళు, ఈస్టు, చక్కెర, పులుపు వాసనకు రెండు చెంచాల వెనిగర్ కలిపాడు. ఛాయ మరీ తెల్లగా ఉందని టీ డికాక్షన్ రెండు చుక్కలు వేశాడు. అప్పుడు సరిపోయింది. సీసాకు అంటుకున్న పాత పిండి తన మీద సాక్ష్యం చెబుతుందేమోనని దాన్ని వేడినీళ్ళతో, సబ్బుతో మూడుసార్లు తోమి, తుడిచి, కొత్త సరుకు నింపి మూత బిగించాడు.

పదిన్నరకు వాళ్ళు వచ్చారు. వదిన సంచీ కూడా దించకుండా బల్ల దగ్గరికి వచ్చింది. భార్య మాత్రం సీసావైపు వింతగా చూసింది.

“ఇదేంటండీ, ఇంత మెరుస్తోంది? మీరు కడిగారా?”

“పైపైన తుడిచానంతే.”

“పెళ్ళయి పాతికేళ్ళయింది, మీరు ఒక గ్లాసు తుడవగా చూడలేదు!”

ఈలోపు వదిన సీసాను రెండు చేతులా ఎత్తి మూత తిప్పింది. మూడు పాకెట్ల ఈస్టు గంటసేపు బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలింది. మూత ఎగిరి గిన్నెల్లో పడింది. నురగతో పిండి పొంగి ఆమె వేళ్ళమీదుగా, చీర కుచ్చిళ్ళ మీదుగా నేలకు జారింది.

“అమ్మా!” అని వదిన సీసాను గుండెకు హత్తుకుంది. “చూశావటే చెల్లీ, నన్ను చూసి ఎలా పొంగిపోతోందో! ఇన్నేళ్ళయినా నన్ను మర్చిపోలేదే అమ్మ!”

ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది. రంగులాయన నేలమీది పిండిని చూస్తూ నిలబడ్డాడు. నాసిరకం రంగు మీద మంచి కంపెనీ కాగితం అంటించి అమ్మే వాళ్ళను ఆయన దొంగలనేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క డబ్బాకూ ఆ పని చేయలేదు. తల్లి లేని ఇద్దరు ఆడవాళ్ళకు చేశాడు. ఇంకో క్షణం ఊరుకుంటే ఆమె దాన్ని ముద్దు పెట్టుకునేలా ఉంది.

“వదినగారూ, అది మీ అమ్మగారిది కాదు,” అన్నాడు. “గంట క్రితం నేను కలిపాను. అసలుది... పాన్‌కేక్‌లు వేశాను. రెండు సీసాలూ. వీధంతా తిన్నారు. నన్ను తిట్టండి.”

భార్య కుర్చీలో కూలబడింది. వదిన ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగింది. సీసాను బల్లమీద పెట్టి చెంగుతో వేళ్ళు తుడుచుకుంది.

“తెలుసు మరిదిగారూ. పద్దెనిమిదేళ్ళుగా బేకరీ నడుపుతున్నా, పాకెట్టు ఈస్టు వాసన తెలీదా నాకు? మూత ఎగిరినప్పుడే తెలిసింది.”

“మరి... ఆ ఏడుపు?”

“మీరు ఎంతసేపు చూస్తూ ఊరుకుంటారో చూద్దామని.”

“ఎంతసేపు ఊరుకున్నారక్కా?” అంది భార్య నీరసంగా.

“ఒకటిన్నర నిమిషం. నేను అర నిమిషం అనుకున్నా.”

రంగులాయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వదిన వంటగది చుట్టూ చూసింది.

“ఏమైనా మిగిలిందా?”

ఆయన వేలు చూపించాడు. పొయ్యి పక్కన మాడిన పాన్‌కేక్ ఒక్కటే ఉంది. ఆమె దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి చెల్లెలికిచ్చింది. ఇద్దరూ నిలబడే మెల్లగా నమిలారు.

“అమ్మ పులుపే,” అంది చెల్లెలు.

“అదే,” అంది అక్క. ఈసారి ఆమె కళ్ళనుంచి నీళ్ళు వచ్చినా చప్పుడు రాలేదు. రంగులాయన ఆ చప్పుడులేని ఏడుపు చూడలేక తడిగుడ్డ తీసుకుని మోకాళ్ళమీద కూర్చుని నేల తుడవడం మొదలుపెట్టాడు.

కొంతసేపటికి వదిన నిట్టూర్చింది. “లేవండి మరిదిగారూ. నేను ఓవెన్ మీద చంపా, మీరు పెనం మీద చంపారు. అమ్మ కూడా మొదట పిండీ నీళ్ళతోనే మొదలెట్టింది. మళ్ళీ మొదలెడతాం. రొట్టె చేసేంత బలం రావడానికి రెండు వారాలు. అన్నాళ్ళు బేకరీ మూసేస్తా. పాకెట్టు ఈస్టు వేసి మాత్రం నా పేరుతో రొట్టె అమ్మను.”

ఆ చివరి మాట తనకేనని రంగులాయనకు అర్థమైంది. అయినా సాయంత్రం బస్సెక్కించి వచ్చేటప్పుడు లెక్క చూసుకుంటే, చేసిన పనికి తక్కువలోనే బయటపడ్డాననిపించింది. అరుపులు లేవు, శాపనార్థాలు లేవు, చుట్టరికం తెగలేదు. మర్యాదగల మనిషి, విషయం నలుగురిలో పెట్టదు.

మరునాడు వదిన తన బేకరీ తలుపుకు ఒక అట్ట తగిలించింది. యజమానురాలి మరిదిగారి కారణంగా రెండు వారాలు రొట్టె లేదని, వివరాలు కావలసినవారు ఆయననే అడగవచ్చని పెద్ద అక్షరాలతో రాసి, కింద రంగుల కొట్టు చిరునామా ఇచ్చింది.

ఆ రెండు వారాలూ ఆయన కొట్టుకు వచ్చినవాళ్ళు చాలామంది, రంగు కొన్నవాళ్ళు ఇద్దరు.