మూలికల స్వామికి రొయ్యల ఇగురు

ఆ పొద్దున్న దొరబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు జ్వరమని ఫోను చెయ్యాలి. గది తలుపు వేసుకుని, మధ్యాహ్నం పన్నెండుకు మూసేసే పాతాళగుహలోకి దిగి రాక్షసుణ్ణి చంపాలి. మూడు వారాలుగా కంప్యూటరు ఆటలో ఇనుము తవ్వి, కరిగించి, తనే చేసుకున్న కత్తి సిద్ధంగా ఉంది. ఒకటే భయం. ఇంకొక్క దొంగ సెలవు పెడితే జంగారెడ్డిగూడెం బదిలీ తప్పదని మేనేజరు జగన్నాథరావు గారు తెగేసి చెప్పారు. కడియంలో మొన్ననే ఇల్లు కట్టుకున్నవాడికి ఆ మాట తలుచుకుంటేనే ఒళ్ళు కాలిపోతోంది.

ఆటలో జట్టు తనతో కలిపి ముగ్గురే. రాజమండ్రి హాస్టల్లో ఉండే సారిక బాణాలు వేస్తుంది. మూలికల స్వామి ఆకులు నూరి, దెబ్బలు తిన్నవాళ్ళను బతికిస్తాడు. మైకు పాడైందంటూ టైపు చెయ్యడమే తప్ప నోరు విప్పడు. అసలు పేరు ఎవరికీ తెలియదు.

"స్వామీ, మందు నూరమంటే పువ్వులు కోస్తావేంట్రా! నీకు ఉద్యోగం ఎవడిచ్చాడ్రా బాబూ!" అని అరిచాడు దొరబాబు.

"సారీ అండి" అని వచ్చింది తెర మీద.

గుహ గుమ్మం దగ్గర స్పీకర్లో సారిక కేక పెట్టింది. "అన్నా, తిండి అయిపోయింది! స్వామి ఆకలితో పడిపోయేలా ఉన్నాడు!" ఆ ఆటలో వండుకు తినకపోతే ఒంట్లో బలం ఉండదు, అదో గోల. కాఫీ తెచ్చిన భార్య నాగదుర్గ అక్కడే ఆగిపోయింది.

"అయ్యో పాపం! ఎవరండీ ఆ స్వామి?"

"అది ఆటలో ఆకలే! నువ్వెళ్ళు!"

"ఆకలితో ఆటలేంటండీ?" అని మైకు దగ్గరకు వంగింది. "ఏమ్మా, పొద్దున్నేం తిన్నావు?"

"హాస్టల్ ఉప్మా అండి. తినలేక పారేశానండి," అంది సారిక.

అంతే, నాగదుర్గ కొంగు బిగించింది. కడుపు నిండిందని ఒట్టేసినా వదిలే మనిషి కాదామె. "రొయ్యల ఇగురు పెడుతున్నాను. ఇద్దరూ వచ్చెయ్యండి. మొహమాటపడితే నా మీదొట్టే!"

"నేనూ రావచ్చా అండి?" అని టైపు చేశాడు స్వామి.

దొరబాబు వద్దు మొర్రో అంటున్నా ఆమె అడ్రసు చెప్పేసింది. ఇద్దరూ ఆటలోంచి మాయమైపోయారు. ఒంటరిగా దొరికిన దొరబాబును రాక్షసుడు చితక్కొట్టాడు. లేచినప్పుడల్లా చంపాడు. చివరికి కత్తి కూడా విరిగింది.

"నా కొంప ముంచావు కదే!"

"కాస్త కొత్తిమీర తెచ్చిపెడుదురూ," అంది ఆమె వంటింట్లోంచి.

ఆఫీసువాళ్ళెవరైనా చూస్తారేమోనని తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్ళి, పళ్ళు నూరుకుంటూ తిరిగొచ్చాడు. హాల్లో ఒకమ్మాయి కూర్చుని ఉంది, సారిక కాబోలు. ఆమె పక్కన, అరిటాకు ముందు, జగన్నాథరావు గారు!

దొరబాబుకు పై ప్రాణాలు పైనే పోయాయి. తనిఖీకి వచ్చారనుకుని గట్టిగా దగ్గాడు. "జ్వరం సార్... ఈ కొత్తిమీర కషాయానికి..."

"ఇలా ఇవ్వండి. మందు నూరడం నా పని కదా," అన్నారు ఆయన.

దొరబాబు చేతిలో కట్ట జారిపోయింది. "మీరా సార్! మిమ్మల్ని ఒరేయ్ అన్నాను కదా సార్!"

"మీ గొంతు మొదటిరోజే గుర్తుపట్టానండి. అందుకే మైకు పెట్టలేదు. చెబితే జట్టులోంచి తీసేస్తారని భయం."

"మరి... నా బదిలీ సార్?"

"మిమ్మల్ని అక్కడికి పంపి నేనెవరితో ఆడనండీ?" ఆయన లేచి దొరబాబు నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "ఇంకా కాలుతోంది. రేపు కూడా రాకండి. రెండో గుహ తెరుస్తున్నారు."

మర్నాడు మేనేజరు గారికీ జ్వరమేనని ఆఫీసుకు ఫోను చేసింది నాగదుర్గే.