తేనెపెట్టెల లెవీకి జై!

మనిషి చేత బలవంతంగా కట్టించే డబ్బంత పుణ్యమైన డబ్బు లోకంలో మరొకటి లేదు! నవ్వకండి. నలభై పెట్టెల్లో తేనెటీగల్ని పెంచుతూ, పెట్టెకింత చొప్పున ఏటా మా పెంపకందారుల సంఘానికి లెవీ కడుతున్నవాణ్ణి. అనుభవం మీద చెబుతున్నాను.

ఇష్టపడి ఇచ్చిన డబ్బుతో ఎంత చిక్కో చూడండి. ఎవరికిచ్చాం, ఏం చేశారు అని మనసు పీకుతూనే ఉంటుంది. లెవీకి ఆ బాధ లేదు. కట్టకపోతే కోర్టుకి లాగుతారు కాబట్టి కడతాం. కట్టాక తిట్టుకుంటాం. తిట్టుకున్నాక ఆకలి బాగా వేస్తుంది. ఆరోగ్యానికి ఇంతకన్నా ఏం కావాలి?

పైగా మా మంగరాటా లోయలో ఆ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో మేమే తేల్చుకుంటాం. ముందటేడు సంఘం లోగో మార్చాం. పాత లోగోలో తేనెటీగ కోపంగా ఉందని ఆక్లండ్ నుంచి వచ్చిన డిజైనర్ కనిపెట్టి, కొత్తదాన్ని నవ్వించాడు. తేనెటీగ నవ్వడం నేనింతవరకూ చూడలేదు. అది నా చదువు తక్కువ.

నిరుడు "తేనె తినండి" అని పెద్ద బోర్డు కట్టించాం. లోయ చివర్న కట్టించాం. ఆ రోడ్డు మీద తిరిగేది మేమూ, పాల ట్యాంకరూ. ట్యాంకర్ డ్రైవరు బాగానే తింటున్నాడని వినికిడి.

అదే ఏడు సంతలో పిల్లల కోసం తేనెటీగ వేషం కొన్నాం. మా కోశాధికారి క్లిఫర్డ్ అది తొడుక్కుని ప్రదర్శన పెట్టె పక్కన నిలబడ్డాడు. అసలు తేనెటీగలకి ఆ వేషం నచ్చలేదు. పిల్లలు మాత్రం క్లిఫర్డ్ పరుగు చూసి చాలా ఆనందించారు.

ఇలా హాయిగా సాగిపోతుంటే, మొన్న ఆగస్టు సమావేశంలో నైరీ ఆంటీ లేచింది. రగ్బీ క్లబ్బు హాలు, వేడి టీ, స్కోన్లనే చిన్న రొట్టెలు. ఆంటీకి డెబ్బై రెండేళ్లు. భర్త పోయాక ఆమె బతుకంతా ఆ తేనెపెట్టెల మీదే. నిరుడు వసంతంలో వాటికి పిల్లపురుగులు కుళ్ళిపోయే తెగులు పట్టింది. దానికి మందు లేదు. గొయ్యి తీసి, ఈగలతో సహా పెట్టెను తగలబెట్టాల్సిందే. ఇరవై రెంటిలో పన్నెండు అలా పోయాయి.

"ఇంక పది మిగిలాయిరా అబ్బాయిలూ," అంది ఆంటీ. "ఆ తెగులు నా దగ్గర పుట్టలేదు. ఎవరి పెట్టెల్లోంచో వచ్చింది. ఈసారి లెవీ డబ్బుతో ఒక ఇన్‌స్పెక్టర్ని పెట్టండి. లోయలో ఉన్న ప్రతి పెట్టె తెరిచి చూస్తాడు. ఈ పదీ పోతే నేను తేనె షాపులో కొనుక్కోవాలి."

చప్పట్లు! క్లిఫర్డ్ కళ్లు తుడుచుకున్నాడు. అధ్యక్షుడు డెస్మండ్ లేచి, "బంగారంలాంటి మాట చెప్పావు ఆంటీ! చూపించుకోడానికి మాకేం భయం?" అన్నాడు.

"అయితే ఎవరి పెట్టెలు ఎక్కడున్నాయో అందరూ రాసివ్వండి మరి."

హాల్లో స్కోన్లు నమలడం ఆగిపోయింది.

మా సంగతి మీకు తెలియనిదేముంది? మావాడు పెళ్ళాం వయసు చెబుతాడు, బ్యాంకులో అప్పు చెబుతాడు. ఖరీదైన తేనెనిచ్చే మానుకా పొదలు పూసే గుట్టల్లో పెట్టెలు ఎక్కడ దించాడో మాత్రం చచ్చినా చెప్పడు. చెబితే తెల్లారేసరికి పక్కనే ఇంకొకడి యాభై పెట్టెలు దిగుతాయి. పైగా లెవీకి కాగితం మీద చూపించేవి వేరు, గుట్ట వెనక ఉండేవి వేరు.

"తొందరెందుకు ఆంటీ?" అన్నాడు డెస్మండ్. "ముందు ఒక అధ్యయనం చేయిద్దాం. మనలో మనకి నమ్మకం ఎందుకు లేదో నిపుణులు తేలుస్తారు."

"నన్నడుగు, ఊరికే చెబుతా!" అంది ఆంటీ.

ఓట్లు వేశాం. ఇన్‌స్పెక్టరుకి ఒకటి, అధ్యయనానికి ముప్ఫై ఒకటి. అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే.

ఈ మంగళవారం నా పెట్టెలు కొన్ని తెరిచాను. కాగితం మీద లేనివి. తేనెపట్టులో ఒక గదిలోకి అగ్గిపుల్ల గుచ్చి లాగితే గోధుమరంగు బంక తీగలా సాగింది. ఆ తెగులుకి అదే గుర్తు. గబగబా మూత పెట్టేసి ఇంటికొచ్చాను. నిన్న పోస్టాఫీసు దగ్గర ఆంటీ కనిపించి, "నీవి బావున్నాయా నాయనా?" అనడిగింది. "భేషుగ్గా ఉన్నాయి ఆంటీ!" అన్నాను.

చూశారా? డబ్బయితే నా దగ్గర బలవంతంగా లాగారు. ఈ ఒక్క నిజం లాగడానికి మాత్రం ఒక మనిషిని పెట్టుకోలేకపోయాం. పెట్టనివ్వనిది నాలాంటివాళ్ళే. సిగ్గుగా ఉంది, ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఇక్కడ పత్రికలో రాస్తున్నాను.

నైరీ ఆంటీ, లెక్కలో చూపించని నావి మీ వాగుకి అవతల, పాత ఉన్ని షెడ్డు వెనకాల ఉన్నాయి. పధ్నాలుగు. గొయ్యి నేను తవ్వుకుంటాను. నువ్వు ముందు నీ పదీ తెరిచి చూసుకో.