బ్లాంకు గారి సీసా

మధ్యాహ్నం రెండింటికి బ్లాంకు గారి భార్య రెండో కంటికి ఆపరేషను. పక్కనుండి సంతకం పెట్టే మనిషి లేకపోతే చేసేది లేదని ఆసుపత్రివాళ్ళు కచ్చితంగా చెప్పారు. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, రెండుసార్లూ ప్రయోగశాల పని వల్లే. మూడోసారి తప్పితే ఆరు నెలలు ఆగాలన్నారు. అందుకని ఆ సోమవారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి సీసా నింపి ఇవ్వాలి, పదింటికి సెలవు చీటీ మీద సంతకం చేయించుకోవాలి, ఒంటిగంటకి బయటపడాలి.

ఆటగాళ్ళ మూత్రంలో నిషేధించిన మందులు వెతకడం ఆయన ఉద్యోగం. ఒంట్లోకి వెళ్ళిన మందు ఉన్నదున్నట్టు బయటికి రాదు. కాలేయం దాన్ని చెక్కి, రూపు మార్చి పంపిస్తుంది. ఆ మారిన రూపాలనే యంత్రం పట్టుకుంటుంది. యంత్రం నిజం చెబుతోందో లేదో తెలియాలంటే ఏ మందూ లేని మూత్రం ఒకటి పక్కన ఉండాలి. దాన్ని బ్లాంక్ అంటారు. పదహారేళ్ళుగా ఆ బ్లాంక్ ఆయనదే. దానికోసం జ్వరమొచ్చినా మాత్ర మింగరు. ఆయన పెద్ద కెమిస్టన్న సంగతి మరిచిపోయి అందరూ "బ్లాంకు గారూ" అనే పిలిచేవారు.

పదింటికి సెలవు చీటీ పట్టుకుని బయల్దేరబోతుంటే, యంత్రం దగ్గర కూర్చునే అమ్మాయి పిలిచింది.

"బాబాయ్ గారూ, ఒకసారి ఇలా రండి. ముందు కూర్చోండి."

"కూర్చోమంటున్నావంటే కొంప మునిగిందన్నమాట."

యంత్రం గీసిచ్చిన కాగితం బల్లమీద బోర్లించి ఉంది, వచ్చేపోయేవాళ్ళకి కనబడకుండా. ఆ పిల్ల దయకి మనసులోనే దండం పెట్టుకుని ఆయన తిప్పి చూశారు. వాపు, నొప్పి అణిచే స్టెరాయిడ్ ఒకటి ఆయన బ్లాంకులో కొండలా నిలబడి ఉంది.

"రెండుసార్లు చూశాను బాబాయ్ గారూ. కానీ ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ మందుకి..."

"ఏమిటా కొండ?" వెనకనుంచి డైరెక్టరు గారి గొంతు.

"సార్, అందులో ఒక విచిత్రం..."

"నువ్వాగమ్మా! బ్లాంకే మందు కొడుతుంటే ఇంక విచిత్రాలతో పనేముంది? ఏం పెద్దాయనా, మీరు కూడానా?"

"నేనేం వాడలేదు సార్."

"దొరికినవాళ్ళందరూ అనేమాటే అది. పదహారేళ్ళుగా మీరే కదా ఫైల్లో రాస్తున్నారు!"

సంగతి తేలేదాకా సెలవు లేదన్నారు. ఈలోగా వేరే బ్లాంక్ వెతకమన్నారు. స్టోర్సు గుమాస్తా, కాపలా మనిషి తలా ఒక సీసా ఇచ్చారు. మూడో మనిషి దొరక్కపోతే, "ఆదర్శంగా ఉంటుంది, నేనే ఇస్తాను" అని డైరెక్టరు గారే సీసా పట్టుకెళ్ళారు. సీసాల మీద పేర్లుండకూడదు, నంబర్లే ఉండాలి. ఏ నంబరు ఎవరిదో రాసే రిజిస్టరు పని ఇంకెవరికీ రాదు కాబట్టి, నేరం మీద పడ్డ బ్లాంకు గారి చేతికే రిజిస్టరు కూడా ఇచ్చారు.

బ్లాంకు గారు ముసలివాళ్ళ బరువులెత్తే పోటీకి రహస్యంగా తయారవుతున్నారని పదకొండింటికి క్యాంటీన్‌లో పుకారు పుట్టింది. పదకొండున్నరకి పతకం కూడా గెలిచేశారు. పన్నెండయ్యేసరికి అది రెండో సంసారం దాకా వెళ్ళింది. ఉన్న ఒక్క ఇంటికి చేరడానికే ఓపిక చాలని ఆ మనిషికి ఈ చివరి కబురు విని కాస్త గౌరవంగానే అనిపించింది.

ఇంతలో డైరెక్టరు గారు ఆయన ఇంటికి ఫోను చేశారు. "అమ్మా, మీవారు మీకు తెలీకుండా ఏదైనా నడుపుతున్నారా?" అని అడిగారు. మందుల గురించే అడుగుతున్నానన్న ముక్క చెప్పేలోపు ఆవిడ ఫోను పెట్టేసింది. పన్నెండున్నరకల్లా ఆటో దిగింది, చేతిలో ఆసుపత్రి సంచితో. కాపలా మనిషి ఫ్యానుకింద కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఎవరండీ ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"అదే, మీరు నడుపుతున్నది!"

"నాకు సైకిలు నడపడమే సరిగ్గా రాదు కదే!"

డైరెక్టరు గారు గొంతు సవరించుకుని అసలు విషయం చెప్పారు. ఆవిడకి సందేహం పోయి కోపం వచ్చింది.

"మందా? ఈయనా? తలనొప్పికి తడిగుడ్డ తప్ప ఎరగని మనిషండీ! ఇంట్లో మందంటే ఆపరేషనుకని శనివారం మొదలెట్టిన నా కంటి చుక్కలే. అవైనా నాకు చెయ్యి వణుకుతుందని రోజూ ఈయనే వేస్తారు. వేలికంటింది కడుక్కోండి బాబూ అంటే వినరు, ఇవాళా పంట్లానికి తుడుచుకుని సీసా నింపడానికి పరిగెత్తారు."

బ్లాంకు గారు తన కుడిచేతి చూపుడువేలు వంక చూసుకున్నారు.

"పొద్దుటినుంచీ నేను చెప్పబోయింది అదే!" అంది అమ్మాయి. "మందు కొండంత ఉంది సార్, కానీ దాని మారిన రూపం ఒక్కటంటే ఒక్కటి లేదు. అది బాబాయ్ గారి ఒంట్లోంచి వచ్చింది కాదు. పైనుంచి, ఆ చుక్కలంటిన వేలినుంచి సీసాలో పడింది."

"ముందే చెప్పొద్దూ!" అన్నారు డైరెక్టరు గారు. "సరే, ఆ మూడు సీసాల సంగతేమిటి?"

"ఒకటో నంబరు శుభ్రంగా ఉంది సార్, ఆటగాళ్ళ నమూనాలకి దాన్నే వాడుకోవచ్చు. రెండులో జలుబు మందు. మూడులో మాత్రం కండలు పెంచే స్టెరాయిడ్. దాని మారిన రూపాలు నాలుగూ వరసగా ఉన్నాయి. ఇది మాత్రం ఒంట్లోంచి వచ్చిందే."

"ఎవడు వాడు? ఎవడిదా మూడు? ఈ క్షణమే సస్పెండ్ చేస్తాను! రిజిస్టరు చదవండి పెద్దాయనా, అందరికీ వినబడేలా!"

బ్లాంకు గారు రిజిస్టరు తెరిచారు, చూశారు, మూశారు. ఒంటిగంటకి అయిదు నిమిషాలుంది. గట్టిగా చదివితే పొద్దుటి లెక్క సరిపోయేదే. కానీ అంత ఓపిక ఆయనకి లేదు. రిజిస్టరు తీసుకెళ్ళి డైరెక్టరు గారి ముందు, ఆయనొక్కరికే కనబడేలా తెరిచిపెట్టారు.

డైరెక్టరు గారు మూడో వరస చదివారు. మళ్ళీ చదివారు. నుదురు తుడుచుకున్నారు.

"మా బావమరిదే ఇచ్చాడు... మోకాళ్ళకి మంచివని... ఏవో మాత్రలు..." అన్నారు, పక్కవాళ్ళకి వినబడనంత మెల్లగా.

"ఒంటిగంటవుతోంది సార్," అన్నారు బ్లాంకు గారు అంతకంటే మెల్లగా, సెలవు చీటీ చాపుతూ.

అరపూట అడిగిన చోట వారం రోజులు మంజూరైంది, ఆసుపత్రిదాకా ఆఫీసు కారు కూడా ఇచ్చారు. చీటీలో కారణం అన్న గడి ఖాళీగా ఉంటే, డైరెక్టరు గారే స్వయంగా "ఆరోగ్య సమస్య" అని నింపారు, ఎవరిదో మాత్రం రాయలేదు.